లెక్కలో ఉన్నాను

పిన్నీ,

ఎదురుగా కూర్చుంటే నీ కళ్ళద్దాలు చూసి సగం మాటలు మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. మొత్తం చదివాకే అమ్మకి ఫోన్ చెయ్యి.

నువ్వు తెచ్చిచ్చిన బి.ఎడ్. ఫారం నేను పంపలేదు. నింపాను, ఫోటో అంటించాను, కవరు మీద చిరునామా కూడా రాశాను. గడువు రోజున పోస్టాఫీసు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. అదింకా నా డిక్షనరీలోనే ఉంది. సీటు రాలేదని నీతో చెప్పింది అబద్ధం. ఏడాదిగా మోస్తున్నాను, ఇక్కడ దించుకుంటున్నాను.

రెండో అబద్ధం ఇంకా పాతది. మోటారు వైండింగ్ షాపులో నోటుబుక్కులు ఎత్తిరాస్తున్నానన్నాను కదా, అది మొదటి రెండు నెలలకే నిజం. ఏ మోటారుకి ఎంత మందం రాగితీగ, ఎన్ని చుట్లు అని మేస్త్రీగారు ముప్పై ఏళ్ళుగా రాసుకున్న పుస్తకాలవి. వార్నిష్ కారి సగం అక్షరాలు కనపడవు. అవి రాస్తూ రాస్తూ, పక్క బల్ల మీద ఆయన కాయిల్ చుడుతుంటే చూస్తుండేదాన్ని. మూడో నెలలో తీగ చుట్టే చెక్క అచ్చు నా ముందుకి తోసి, "రాసింది చాల్లే అమ్మాయ్, ఇక చుట్టు" అన్నాడు. చుడుతూ మూడేళ్ళయింది. మూడేళ్ళు ఎత్తిరాయడానికి ఆ షాపులో ఏముందని నువ్వెప్పుడూ అడగలేదు. నా వేళ్ళకి ఆ వార్నిష్ వాసనేమిటని కూడా అడగలేదు.

ఈ పని నాకెందుకు నచ్చిందో చెబితే నవ్వుతావు. చుట్లు లెక్కపెట్టేవాళ్ళని ఎవరూ పలకరించకూడదు. అరవై నాలుగు ఉండాల్సిన చోట అరవై ఉంటే మోటారు వేడెక్కి నెల తిరక్కుండా కాలిపోతుంది. ఎవరైనా తెలియక పలకరిస్తే, ఎన్నో చుట్టులో ఉన్నామో ఆ అంకె పైకి అనాలి, అంతే. అంకె చెవిలో నిలుస్తుంది, వచ్చినవాడికి ఆగాలని తెలుస్తుంది. చెయ్యి ఖాళీగా ఉంటే వేలెత్తినా చాలు. మా షాపులో ఒకసారి మేస్త్రీగారి అల్లుడు వచ్చి, "మావయ్యా, అబ్బాయి పుట్టాడు" అన్నాడు. ఈయన తల ఎత్తకుండా "యాభై రెండు" అన్నాడు. ఆ కాయిల్ పూర్తయ్యాకే మనవణ్ణి చూడ్డానికి లేచాడు. మాట్లాడకపోవడం తప్పు కాని చోటు నాకు లోకంలో ఇదొక్కటే దొరికింది.

ఇప్పుడు అసలు సంగతి. ఊరి చివర ఉన్న వృత్తి శిక్షణ కేంద్రంలో వైండింగ్ నేర్పే ఆయన రిటైరయ్యాడు. వాళ్ళ మోటార్లు మా షాపుకే వస్తాయి. మేస్త్రీగారిని అడిగితే ఆయన నా వైపు చూపించాడట. వచ్చే వారం ఒక పాఠం చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం. వెళ్దామనే అనుకుంటున్నాను పిన్నీ.

ఏడో తరగతిలో, పిల్లలే టీచర్లయిన రోజు, నాకు భిన్నాలు ఇచ్చారు. సుద్దముక్క పట్టుకుని పీరియడంతా గోడలా నిలబడ్డాను. ఆ బళ్ళో టీచరువి కదా, నువ్వు వెనక బెంచీలో కూర్చుని చూస్తున్నావు. సాయంత్రం వంటింట్లో అమ్మతో, "దానికి పాఠం చెప్పడం ఈ జన్మలో రాదక్కా" అన్నావు. నేను తలుపు అవతలే ఉన్నాను. ఆ మాట మీద కోపం లేదు. కానీ దాన్ని పన్నెండేళ్ళు నిజమనుకుని బతికాను. తర్వాత బి.ఎడ్. చేస్తే గొంతు పెగులుతుందన్నావు. ఆ రోజు నాకు లేనిది గొంతు కాదేమో, చేతిలో పనేమో. అది తేల్చుకోవాలి.

నీ
పుస్తకాలపురుగు

*

ఒసే పుస్తకాలపురుగూ,

మీ అమ్మకి ఫోన్ చెయ్యలేదు. మూడు రోజులు మంచం దిగకుండా నీ ఉత్తరమే చదివాను. మీ బాబాయి నాకు జ్వరమనుకున్నాడు.

ఫారం సంగతికి తర్వాత తిడతాను. ముందు ఇది చదువు. పని రావడం వేరు, నేర్పడం వేరు. మీ మేస్త్రీ ఎంతమందికి నేర్పాడు? నీకంటే ముందు వచ్చినవాళ్ళు ఎందరు పారిపోయారో అడుగు. నీకు వచ్చిందంటే నువ్వు మొండిదానివి కాబట్టి. రేపు నీ ముందు కూర్చునేవాళ్ళలో మొండివాళ్ళు ఇద్దరుంటారు, మిగతావాళ్ళు మామూలువాళ్ళు. వాళ్ళు ఎక్కడ ఆగిపోయారో వాళ్ళు చెప్పరు, నువ్వే కనిపెట్టాలి. నాకు బి.ఎడ్. ట్రైనింగులో ఏడాదంతా నేర్పింది అదొక్కటే. సర్టిఫికెట్టు కాగితం కోసం చెయ్యమనలేదే నిన్ను, దీనికోసం చెయ్యమన్నాను.

వంటింట్లో అన్న మాట నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా రావడం లేదు. నువ్వు పన్నెండేళ్ళు మోసినదాన్ని నేను ఒక్కరోజు కూడా గుర్తుపెట్టుకోలేదంటే, అనడం కంటే అది పెద్ద తప్పు.

వెళ్ళు. వద్దంటే మాత్రం వింటావా?

మీ పిన్ని

*

పిన్నీ,

నువ్వు నిన్న బస్సెక్కి వెళ్ళిపోయావు. ఎదురుగా చెప్పలేనివి మళ్ళీ మిగిలిపోయాయి.

ముందు పరీక్ష పాఠం సంగతి. పెద్ద షెడ్డు, బల్లలు, ఇరవై మంది. వెనక గోడకి ఆనుకుని, రిటైరైన ఆ పాత ఇన్‌స్ట్రక్టరు. ప్రిన్సిపాల్‌గారు ఇంకా రాలేదు. నమస్కారం కూడా సగమే పెట్టాను. మాటలు ఎలాగూ రావని తీగ అందుకుని చుట్టడం మొదలుపెట్టాను. చూస్తారులే అనుకున్నాను. అంతలో ప్రిన్సిపాల్‌గారు నా కాగితాలు తిరగేస్తూ లోపలికి వచ్చి, "అమ్మా, మీకు బి.ఎడ్. ఉందా?" అన్నారు.

"ఇరవై ఏడు" అన్నాను.

అలవాటు పిన్నీ. నోటికి అదే వచ్చింది. షెడ్డంతా గొల్లుమంది. వెనక నుంచి పాత ఇన్‌స్ట్రక్టరు, "ఇరవై ఏడు బి.ఎడ్.లా? నాకు ఒక్కటే ఉంది, అది కూడా రెండోసారికి" అన్నాడు. నా చెవులు కాలిపోయాయి. ఏడో తరగతిలోలాగే ఉంది. కానీ చేతులు ఆగలేదు. పైకే లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. నలభై దాటేసరికి నవ్వులు ఆగాయి. యాభై దాటేసరికి వాళ్ళూ పెదాలు కదుపుతున్నారు. అరవై నాలుగు దగ్గర కొస కట్టి, తల ఎత్తి, "లేదండీ" అన్నాను.

తర్వాత ఒకతన్ని పిలిచి అచ్చు ఇచ్చాను. అతను చుడుతుంటే మీ ఇల్లెక్కడ అని అడిగాను. పాపం, మర్యాదగా వీధి పేరుతో సహా చెప్పాడు. "ఇప్పుడెన్ని?" అన్నాను. తీగ వంక చూశాడు, నా వంక చూశాడు. "విప్పెయ్" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇందాక నేను ఇరవై ఏడు ఎందుకన్నానో అందరికీ అర్థమైంది. అక్కణ్ణుంచి గంటసేపు మాట్లాడాను. నేనే. ప్రిన్సిపాల్‌గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారట, నాకు తెలియదు.

ఉద్యోగం ఇచ్చారు. ఏడాదిలోపు ఇన్‌స్ట్రక్టర్లకి వాళ్ళే పెట్టే కోర్సు చెయ్యాలన్నారు. చేస్తాను.

ఇక నిన్నటి సంగతి. నువ్వు చెప్పకుండా నా క్లాసుకి వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఎవరే ఇక్కడ టీచరు?" అన్నావు. పన్నెండు బల్లల నుంచి పన్నెండు అంకెలు వినపడ్డాయి నీకు. మనసులో ఎంత పొంగిపోయానో మొహం మీద కనపడనివ్వలేదు. నువ్వు ఇంకో నిమిషం ఆగి, "మంచినీళ్ళయినా ఇస్తారా?" అని మళ్ళీ అడిగావు. మళ్ళీ పన్నెండు అంకెలు. నీకు ఆట అనుకున్నాను. బస్టాపుకి వెళ్ళాక అసలు సంగతి చెప్పావు:

"నాలుగో బల్ల అమ్మాయి మొదటిసారి నలభై అంది. రెండోసారి ముప్పై ఎనిమిది అంది. చూశావా?"

చూడలేదు పిన్నీ. నేను వాళ్ళ చేతులు చూస్తున్నాను. నువ్వు పన్నెండు గొంతులు విని, అందులో ఒకటి వెనక్కి నడిచిందని పట్టుకున్నావు. ఇవాళ పొద్దున ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. మొదటి రోజు నుంచీ లెక్క ఎక్కడో తప్పిపోతోందట. అడిగితే నవ్వుతారని పక్క బల్ల అంకె విని దానికి దగ్గరగా ఏదో ఒకటి అనేస్తోంది. ఒకప్పుడు గోడలా నిలబడిన నేనే అలాంటిదాన్ని గుర్తుపట్టలేకపోయాను. కాయిల్ విప్పించాను. పదికోసారి తీగకి చిన్న దారం ముడి వేసుకోమన్నాను. మధ్యాహ్నానికి ఆమె కాయిల్ సరిగ్గా అరవై నాలుగు.

కాబట్టి నీ మాట సగం నిజం. నా మాట సగం నిజం. ఆదివారాలు నీ దగ్గరికి వస్తాను. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చెవితో ఎలా పట్టుకుంటావో నాకు నేర్పు. ఫారం సంగతికి తిట్లు కూడా అప్పుడే తింటాను.

బస్సు మెట్టు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఏమేవ్, ఆ రోజు వంటింట్లో..." అని మొదలుపెట్టావు. నేను వేలెత్తాను. నీకు వెంటనే అర్థమైంది. "ఎంతలో ఉన్నావే?" అన్నావు. బస్సు కదిలిపోయింది, నా జవాబు నీకు వినపడలేదు. పాత చుట్లన్నీ విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాను, ఆ అంకె చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒకటి.

నీ
పుస్తకాలపురుగు