ఆరో మనిషి ఫుట్‌నోటు

పెందుర్తి,
6 జూన్ 1982

పాత పోస్టాఫీసు దగ్గరి శ్రీ నూకాంబికా ప్రెస్సు యజమాని శ్రీరామ్మూర్తి గారికి,
రిటైర్డు హెడ్మాస్టరు గురునాథరావు నమస్కరించి వ్రాయునది.

నా ఆత్మకథ ‘ఒక మేష్టరు సాహసాలు’ రాతప్రతి రిజిస్టరు పోస్టులో పంపాను. తొమ్మిదో అధ్యాయం మాత్రం మరీ జాగ్రత్తగా కంపోజు చేయించండి. 1951లో గోదావరి జిల్లా నుంచి వచ్చి యారాడలో మేష్టరుగా చేరిన కొత్తలో, సముద్రం మీద జాలరిపేటకు వస్తుంటే మా పడవ తిరగబడింది. ఒకే ఒక్క తెడ్డు ఆధారంగా నలుగురిని ఒడ్డుకు చేర్చాను. ముప్ఫయ్యేళ్ళుగా ఏ తరగతిలో చెప్పినా పిల్లలు కిక్కురుమనకుండా విన్న ఘట్టం అది.

ఇంకొక మాట. మా తోడల్లుడు ఈమధ్య తన వంశచరిత్ర అచ్చు వేయించాడు. అందులో పేజీ అడుగున చిన్న అక్షరాలతో ఏవో ఉన్నాయి. వాటివల్ల పుస్తకానికి పెద్దరికం వస్తుందట. ఆయన పేజీకి రెండేసి వేయించాడు. నాకు మూడేసి కావాలి.

ఇట్లు,
ప్రూఫుల కోసం వీధి అరుగు మీద కూర్చున్న
గురునాథరావు

తా.క.: ఆ చిన్న అక్షరాల్లో ఏముండాలో మీకే బాగా తెలుసు కనుక మీ చిత్తం.


విశాఖపట్నం,
12 జూన్ 1982

గౌరవనీయులు గురునాథరావు మేష్టారికి నమస్కారాలు.

రాతప్రతి అందింది. మీరు అడిగినవాటిని పండితులు అధోజ్ఞాపికలంటారు. మేము ఫుట్‌నోట్లంటాం. అవి ప్రెస్సువాళ్ళు వేసే పువ్వులూ తీగల్లాంటివి కావు. రచయితే రాయాలి. ఫలానా సంగతి ఎక్కడ చదివారో, ఎవరు చెప్పగా విన్నారో అందులో చెప్పుకోవచ్చు. పై వాక్యంలో ఇమడదు, అలాగని వదిలేస్తే పై వాక్యం అబద్ధమైపోతుంది అనుకున్నదీ అక్కడికే వెళ్తుంది. వాక్యం చివర చిన్న అంకె వేస్తాం, పేజీ అడుగున మళ్ళీ అదే అంకె వేస్తాం. చదివేవాడు ఒకసారి కిందికి దిగి, సంగతి తెలుసుకుని, మళ్ళీ పైకెక్కుతాడు.

మీ ప్రతిలో ఒక్క అంకె కూడా లేదు. తీరిక చూసుకుని రాసి పంపండి.

మీ పుస్తకం పనిలో ఉన్న,
శ్రీరామ్మూర్తి

తా.క.: పేజీకి పద్నాలుగు చోట్ల ‘నేను’ వచ్చింది. మా దగ్గర ‘నే’ అక్షరాలు అయిపోయాయి. మా కంపోజిటరు ఎల్లారావు, “కొన్ని సోట్ల ‘మేము’ అని కట్టీమంతారేటి బాబూ” అని అడుగుతున్నాడు.


పెందుర్తి,
3 జూలై 1982

శ్రీరామ్మూర్తి గారికి,

తొమ్మిదో అధ్యాయం ప్రూఫులు అందాయి. రచయితే రాయాలని అంటూనే ఫుట్‌నోట్లు మీరే రాయించేశారు. మీ మంచితనం. చాలా బాగున్నాయి కూడా. పడవలో కొబ్బరికాయలు వేశారని నేను రాస్తే, కింద ‘ఎండుచేపల గంప కూడా’ అని వేశారు. నిజమే, ఉంది. నేనే మరిచిపోయాను. గాలి పడమటిదని రాస్తే ‘తూర్పుది’ అని దిద్దారు. అదీ నిజమే. మీ ప్రెస్సులో యారాడవాళ్ళు ఎవరో ఉన్నట్టున్నారు.

ఒక్కటి మాత్రం సవరించండి. ‘అయిదుగురం ఎక్కాం’ అన్నచోట కింద ‘ఆరుగురు’ అని పడింది. అయిదుగురే.

సంతోషంతో,
గురునాథరావు

తా.క.: ప్రూఫుల కింది అంచు తడిసి వచ్చింది. కవరు చూస్తే పొడిగానే ఉంది. వానాకాలం కదా, మీ దగ్గర కాగితాలు జాగ్రత్త.


విశాఖపట్నం,
8 జూలై 1982

మేష్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ ఫుట్‌నోట్లు మేము రాయించలేదు. మీరు పంపారనీ, ఎల్లారావు కంపోజు చేశాడనీ నేను అనుకున్నాను. అతన్ని పిలిచి అడిగాను.

“నాను కట్టనేదు బాబూ. కాయితమ్మీద ఉన్నదే కట్టినాను. పేజీకి తాడు సుట్టీసి బువ్వకెళ్ళొచ్చీసరికి కిందన నాలుగు లైన్లు ఉన్నాయి. మీరు కట్టీసినారనుకున్నాను.”

రాతప్రతి తీసి ఇద్దరం చూశాం. అందులో ఆ మాటలు లేవు. సరే, ఎలా వచ్చినా మీరు వద్దన్న ‘ఆరుగురు’ తీయించేశాను. రెండో ప్రూఫు తీస్తే అక్కడ ఇలా పడింది:

‘ఆరుగురు. ఆరో మనిషి జోగమ్మ, పదిహేడేళ్ళు. ఎండుచేపల గంప ఆమెది.’

ఏం చేయమంటారో తెలియజేయండి.

శ్రీరామ్మూర్తి

తా.క.: ఆ అక్షరాలు మా దగ్గరున్న అతి చిన్న టైపు కంటే చిన్నవి. అలాంటి టైపు మా ప్రెస్సులో ఎప్పుడూ లేదు. ఎల్లారావు ఇకమీదట పెళ్ళి శుభలేఖలే కడతానంటున్నాడు. వాటికి ఫుట్‌నోట్లుండవని అతని ధైర్యం.


పెందుర్తి,
11 జూలై 1982

శ్రీరామ్మూర్తి గారికి,

నా రాతప్రతిలో లేని ఆడమనిషి పేరు నా పుస్తకంలోకి ఎలా వచ్చింది? మీకు ఎవరు చెప్పారు? మా తోడల్లుడు మీ ప్రెస్సుకు గానీ వచ్చాడా? పెద్దవాణ్ణి పట్టుకుని ఈ వేళాకోళం ఏమిటి?

నాకు ఫుట్‌నోట్లు అక్కర్లేదు. పేజీకి మూడూ వద్దు, రెండూ వద్దు. అన్నీ తీసేయండి. తొమ్మిదో అధ్యాయం ఎల్లారావు చేతికి ఇవ్వకుండా మీరే స్వయంగా కంపోజు చేయండి. మళ్ళీ ఇలాంటిది కనిపిస్తే వకీలు చేత రాయించవలసి వస్తుంది.

గురునాథరావు

తా.క.: ఆమెను గురించి ఇంకేమైనా పడిందా? పడితే నాకు పంపనక్కర్లేదు.

మళ్ళీ తా.క.: పంపండి.


విశాఖపట్నం,
19 జూలై 1982

మేష్టారికి,

మీరు చెప్పినట్టే చేశాను. నిన్న పట్టపగలు, అందరినీ బయటికి పంపి, తలుపు గడియ పెట్టుకుని ఆ పేజీ నేనే కంపోజు చేశాను. అడుగున గోరు దూరే సందు లేకుండా నింపి బిగించాను. అక్కణ్ణుంచి కదలకుండా సిరా రాసి, కాగితం వేసి, ప్రూఫు తీశాను.

మీ చివరి రెండు వాక్యాలూ పైకి జరిగాయి. అడుగున ఒక వరుస చోటు ఏర్పడింది. అందులో ఇలా ఉంది:

‘తెడ్డు మొదట ఎవరి చేతిలో ఉంది?’

వంగి పేజీలోని సీసపు అక్షరాలు వేలితో తడిమాను. అక్కడ ఆ వరుస లేదు. కాగితం మీదే ఉంది. ఆ కాగితం అంచు తడిగా ఉంటే కిటికీలో ఎండబెట్టాను. ఆరాక తెల్లటి పొడి మిగిలింది. నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు.

ఈ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి. ఫుట్‌నోటు సమాధానం చెప్పడమే చూశాను గానీ ప్రశ్న వేయడం ఎక్కడా చూడలేదు. మీరు కోప్పడినా సరే, ఒక మాట చెప్తాను. ఇది నన్ను అడుగుతున్నట్టు లేదు.

శ్రీరామ్మూర్తి

తా.క.: మీ తోడల్లుడు గారు ఇవాళ వచ్చారు, తన పుస్తకం రెండో ముద్రణ సంగతి మాట్లాడడానికి. మీ ప్రూఫులు ఆయనకు చూపలేదు. పడవ కథ అచ్చవుతోందని మాత్రం చెప్పాను. “మా గురునాథం ఈత ఎప్పుడు నేర్చుకున్నాడండీ?” అని అడిగి వెళ్ళారు.


పెందుర్తి,
2 ఆగస్టు 1982

మిత్రులు శ్రీరామ్మూర్తి గారికి,

నాకు ఈత రాదు.

పడవ తిరగబడ్డప్పుడు తెడ్డు జోగమ్మ చేతిలో ఉంది. ఒడ్డు చేరేసరికి నా చేతిలో ఉంది. మిగతా నలుగురూ ఎవరి మటుకు వాళ్ళు ఈదుకుంటూ వచ్చారు. నేనెవరినీ చేర్చలేదు. జోగమ్మ రాలేదు. మూడో రోజున ఉద్యోగానికి రాజీనామా రాసిచ్చి తుని వెళ్ళిపోయాను. ఆ పిల్ల శవమైనా దొరికిందా అని ఎవరినీ అడగలేదు. అడిగితే చెప్తారని భయం. తర్వాత పెందుర్తిలో ఇల్లు కట్టుకుని, ఎన్నిసార్లు పట్నం వచ్చినా జాలరిపేట వైపు అడుగు పెట్టలేదు.

నిన్న వెళ్ళాను. ఆమె తాలూకు వాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళ కాళ్ళు పట్టుకుందామని. ఇసకలో చేపలు పరిచి కూర్చున్న ఒకామెను అడిగాను, యారాడ జోగమ్మ వాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా అని. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటి మేస్టారూ, జుత్తంతా పోనాది,” అంది.

జోగమ్మే. ఆ చేపల పక్కనే కూలబడ్డాను. ఆమె ఒక గోనె ముక్క నా కిందికి తోసింది.

“సేపలోళ్ళ పడవోటి నన్ను ఎత్తుకున్నాది. నాలుగో రోజున ఇంటికొచ్చీసినాను. నువ్వప్పుటికే ఊర్లో నేవు,” అంది.

ఇన్నేళ్ళూ నేను ఎవరి చావును మోశానో ఆ మనిషి నా ఎదట కూర్చుని ఈగలు తోలుకుంటోంది. జేబులోంచి మీ ప్రూఫులు తీసి, అడుగున ఉన్నవన్నీ చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదు. ఈ తెడ్డు మాట ఎవరికైనా చెప్పావా అని అడిగాను.

“మా మావకే సెప్పనేదు. ఎవులికి సెప్తాను?” అంది. తర్వాత కాసేపు ఆ కాగితం కింది అంచు వైపే చూసింది. “సచ్చినోళ్ళు రాసినారనుకుంటే అది నానే రాయాల. నాను బతికే ఉన్నాను గదా బాబూ. మరి ఇది ఎవులు రాసినారు?”

అంత ఎండలోనూ ఆమె కొంగు భుజం నిండా కప్పుకుంది.

లేచేముందు క్షమించమని అడిగాను. ఆమె నా ముఖం చూడలేదు. రెండు కానాగంత చేపలు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టింది.

“నీకు ఈత రాదని నాకు తెలుసును. నానే ఒదిలీసినాను, మేస్టారూ.”¹

పెందుర్తి దాకా బస్సులో ఆ మాటే నమ్ముతూ వచ్చాను. అంత హాయిగా ఊపిరి పీల్చి ముప్ఫయ్యొక్క ఏళ్ళయింది. ఇంటికొచ్చి, తొమ్మిదో అధ్యాయం ప్రూఫులు చింపేసి, కొత్తగా రాయడానికి కూర్చున్నాను. జోగమ్మ మాట ఆమె అన్నది అన్నట్టే రాశాను. ఆ వాక్యం దాటి కలం ముందుకు సాగలేదు. చివరికి అక్కడ ఒక అంకె వేశాను. ఫుట్‌నోటంటే ఏమిటో మీరు రాసింది అప్పుడు అర్థమైంది.

కొత్త అధ్యాయం ఈ ఉత్తరంతోనే ఉంది. నా అంతట నేను రాసిన ఫుట్‌నోటు అందులో ఒక్కటే. మీ దగ్గరున్న టైపులో ఏది పెద్దదైతే అందులో వేయండి.

ఇట్లు,
ఈత రాని
గురునాథరావు

తా.క.: అచ్చయ్యాక జోగమ్మకు ఒక ప్రతి ఇప్పించండి. ఎవరిచేత చదివించుకుంటావని అడిగాను. “అడుగున రాసినోడే సదివి పెడతాడులే,” అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వు రాలేదు.

————

1. ఆమె వదల్లేదు. ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి నేను లాక్కున్నాను. ఆమెకూ గుర్తుంది. – గు.