జాడియ్యని నూలు

నమ్రతా బిడ్డా,

నువ్వు లేచేసరికి నేను కార్ఖానాకు పోయి ఉంట. మన కుక్క మోత్యాను ఆ కొత్త గాదీ పరుపు మీద పండనియ్యకు. గాదీని మూట కట్టి మిద్దె మీద పెట్టిన. మూలకున్న నా పాత తెల్లధోతి పరిచి పండవెట్టు. ఎండ ఎక్కినంక మోత్యాను నీ కుంకుడుకాయ రసంతోనే కడుగు. నేను తెచ్చిన షాంపూ సీసా ముట్టకు, దుకాణంల వాపస్ ఇస్త.

కుక్కకు స్పంజి గాదీ కొంటే అది రేపు పారేస్తే మట్టిల కలువదని నువ్వే అన్నవు. ఆ మాట నచ్చి కార్ఖానాల మిగిలిన రంగునూలు తెచ్చి లోపల నింపి నేనే గాదీ కుట్టిన. మోత్యాకు దురద మొదలైతే మాత్రం నీ కుంకుడుకాయ మీద పడ్డ. "ఈ నక్రాలు మనింట్ల వద్దు" అని పక్కింటి యమునాబాయి ముంగట ఒర్రిన.

ఇయ్యాల తెల్లారకముందే అది గాదీ మీద ఉచ్చ పోసింది. తీద్దామని ఎత్తితే నా చేతులు ఎర్రగైనయి. చూస్తే దాని పొట్ట సుత ఎర్రగనే ఉన్నది. అంతా నూలు నుంచి దిగిన పచ్చిరంగు, బిడ్డా, దురద దానితోనే. మనం కప్పుకునే చాదర్ అయితే రంగు దిగేదాక నీళ్ళల్ల జాడిస్తం. కుక్కకే గదా అని జాడియ్యలే. పుట్టినకాన్నుంచి మగ్గాల నడుమ బతికినోన్ని, నేను.

గాదీ పారెయ్యకు. సాయంత్రం వచ్చి విప్పి నేనే జాడిస్త.

మామ

తప్పు నాదేనని నల్లా కాడ యమునాబాయికి చెప్పిన. నీ ముంగట నిలవడి చెప్పుడే నాతోని అయితలేదు.