మేకల కాపరిని విడిపించాం

బాపూ, నేను ఇక్కడ బాగున్నాను, కడుపు నిండా తింటున్నాను. ఫోన్‌లో అవ్వకు సరిగా వినబడదు కాబట్టి కార్డు రాస్తున్నాను, చదివి వినిపించు. దేశ భద్రత చదువంటే తుపాకీ పట్టుకుని సరిహద్దుకు పోవడమేనని ఆమె దిగులు. తుపాకీ దాకా పోనివ్వకుండా మాట్లాడి తగువు తీర్చడం కూడా ఈ చదువే.

ఇంగ్లీషు రాక చదువు మానేద్దామా అని దసరా నుంచి అనుకుంటున్నాను, నీకు చెప్పలేదు. మాది చిన్న యూనివర్సిటీ, క్లాసులో కొద్దిమందిమే. మొన్న మేడమ్ మమ్మల్ని రెండు దేశాలుగా చేసి చర్చలు పెట్టించారు. మేకల వెంట సరిహద్దు దాటిన మా కాపరిని, నా క్లాసు పిల్లగాడు పరమేష్ వాళ్ల దేశం గూఢచారి అని పట్టుకుంది. అతన్ని విడిపించడం నా పని. ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పి ఆగిపోయాను. మేడమ్ "తెలుగులో అడుగు" అన్నారు.

"మేక ఉరికితే నువ్వు సరిహద్దు గీతను చూసుకుంట ఉరుకుతవా, మేకను చూసుకుంట ఉరుకుతవా?" అని అడిగాను.

పరమేష్ ఆలోచించి, "మనిషిని ఇడుస్త. మేకలను రోగాలున్నయేమో మా పశువుల డాక్టర్ చూసినంకనే పంపిస్త" అన్నాడు.

"సరే, అప్పటిదాంక మేపుడు మీదే" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఒప్పందం మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇక మానే ఆలోచన లేదు.

ఆత్మకూర్ నుంచి ఎవరైనా వస్తుంటే నా గొంగడి, పల్లికారం పంపించు. అవ్వ మోకాలు దవాఖానలో చూపించావా? బర్రె ఈనిందా? దూడకు పేరు నేను వచ్చి పెడతాను.

హైదరాబాద్‌లో జరిగే చర్చల పోటీకి మేడమ్ నన్ను వెళ్లమన్నారు. నిన్ను అడగకుండానే సరేనన్నాను. ఇట్లా ఒప్పుకోవడం ఇదే మొదటిసారి, కోపం చేయకు. అమ్మకు, అవ్వకు దండాలు.

నీ బిడ్డ నిరోష, మహబూబ్‌నగర్