యేసుమణి వేడి ద్రాక్ష ఎవరికి చెందాలి

రంగారెడ్డి జిల్లా, శంషాబాద్ మండలం, సాతంరాయి గ్రామ నివాసిని, కీర్తిశేషుడు ముత్తయ్య భార్యను, యాభై తొమ్మిదేళ్ల యేసుమణి అను నేను, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా, నా చేతులతో రాస్తున్న వీలునామా ఇది. నాకు జబ్బేమీ లేదు. బుద్ధి స్థిరంగా ఉంది. నిన్న సాయంత్రం విమానాశ్రయం దారిలో నేను పనిచేసే హోటల్ పచ్చికలో నలభై మందికి వేడి ద్రాక్ష, అంటే దినుసులు వేసి వేడిచేసిన వైన్, చేసి పోశాను. ఒక్కరి గ్లాసులోనూ లవంగం తునక పడలేదు. ఇంతకు మించిన రుజువు కావాలనేవాళ్లు నేను బతికుండగానే వచ్చి అడగవచ్చు. ఇదివరకు నేను ఏ వీలునామా రాయలేదు.

1. కళాయి వేసిన ఇత్తడి గిన్నె, పొడుగు కర్ర గరిటె, వేడి ద్రాక్ష చేసే పద్ధతి, దాని మీది సమస్త హక్కులు నా తదనంతరం నా కూతురు జెన్నిఫర్‌కు చెందవలెను. గిన్నె మా అత్తది. ఆమె చిన్నతనంలో మిషన్ బంగళాలో దొరసానుల దగ్గర వంట నేర్చుకుంది. నేను కాపురానికి వచ్చిన మొదటి క్రిస్మస్‌కు నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి ఈ పని నేర్పింది. ద్రాక్షతోటలో కూలికి పోయి కాయలు కోయడమే తప్ప, ద్రాక్షతో ఇలాంటిది చేయవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

పద్ధతి ఇది. నీళ్లలో బెల్లం, దాల్చిన చెక్క, లవంగాలు, దంచిన మిరియాలు, సంత్ర తొక్క వేసి బాగా మరిగించాలి. మంట తగ్గించి, అప్పుడు వైన్ పోయాలి. వైన్ పోశాక మరగకూడదు. అంచు దగ్గర సన్నగా ఆవిరి లేవగానే దించాలి. మరిగితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. జెన్నిఫర్‌కు ఒక షరతు: మనిషికి ఒక్క గ్లాసే. రెండోది అడిగినవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా అల్లం చాయ్ పోసి పంపాలి. గిన్నెకు ఏటా కళాయి వేయించాలి.

2. మా హోటల్ పెద్ద వంటాయనకు, పై నిబంధనలోని ఒకే ఒక వాక్యం ఇస్తున్నాను: వైన్ పోశాక మరగకూడదు. ఆయన పేరు ఈ కాగితంలో రాయను. నా పేరు రాయడానికి ఆయనకు రెండేళ్లు మనసు రాలేదు.

జరిగింది వారసులకు తెలియాలి. 2009లో నేను ఆ హోటల్లో గిన్నెలు కడగడానికి చేరాను. మరుసటి ఏడు డిసెంబర్‌లో చలి బాగా పడింది. సాయంత్రాలు అతిథులకు వేడి వైన్ ఇస్తామని బోర్డు పెట్టారు. ఎవరు ఏం తిన్నారో, ఏం వదిలేశారో గిన్నెలు కడిగేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గ్లాసులు నిండుగా వెనక్కి వస్తున్నాయి. ఒకదాంట్లో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను. వేపాకు నమిలినట్టు ఉంది. వెళ్లి పెద్ద వంటాయనతో, అది మరిగిపోయింది సార్ అని మర్యాదగానే చెప్పాను. ఆయన నా తడి చేతుల వైపు చూసి, “నువ్వు గిన్నెలు కడగడానికి వచ్చావు, కడుగు” అన్నాడు. అందరూ విన్నారు.

వారం తర్వాత ఆయన సెలవు మీద పోయాడు. బార్‌లో పనిచేసే కొండల్ నన్ను పిలిచి, తన పొయ్యి మీద ఒక్క గిన్నెడు చేసి చూపమన్నాడు. చేశాను. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చిన గ్లాసుల్లో సంత్ర తొక్క తప్ప ఏమీ లేదు. నేను వాటిని కడగకుండా కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాను.

సెలవు నుంచి వచ్చిన పెద్ద వంటాయన సంగతి విని, రోజూ వెనక గదిలో నాచేతే చేయించాడు. మెనూ కార్డు మీద మాత్రం తన సొంత వంటకమని అచ్చు వేయించుకున్నాడు. అలా రెండు చలికాలాలు గడిచాయి. పని పోతుందని నేను నోరు మెదపలేదు.

2012 డిసెంబర్‌లో కంపెనీ పెద్దలు ముగ్గురు వచ్చారు. తమ హోటళ్లన్నిటిలో చలికాలానికి ఒకే పానీయం పెడతారట. పెద్ద వంటాయన పానీయం మంచిదని విన్నారు, తమ ఎదుటే చేయమన్నారు. ఆయన తెల్ల టోపీ పెట్టుకుని చేశాడు. పెద్ద మంట మీద మరిగించాడు. ముగ్గురిలో ఉన్న మేడమ్ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టి, పోయిన ఏడు తాను ఇక్కడే తాగినది ఇది కాదని, దాన్ని ఎవరు చేశారని అడిగింది. అప్పుడు కొండల్ ముందుకు వచ్చాడు. “గా వైన్ చేసింది యేసుమణక్క, మేడమ్. లోపల గిన్నెలు కడుగుతున్నది. ఆమెను పిలుస్త” అన్నాడు.

కొంగుకు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాను. నా ఇత్తడి గిన్నె తెప్పించుకుని, తొందరపడకుండా చేశాను. ముగ్గురూ గ్లాసులు ఖాళీ చేశారు. మేడమ్ నన్ను ఏం కావాలో అడగమంది. “నా పేరు రాయుండ్రి, మేడమ్. గంతే” అన్నాను. మరుసటి నెలకల్లా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ కార్డు అచ్చయింది: యేసుమణి వేడి ద్రాక్ష. ఆ రోజు నుంచి చలికాలం మూడు నెలలూ నేను బార్‌లో పొయ్యి దగ్గర నిలబడతాను. నాకు తెల్ల టోపీ ఇచ్చారు కానీ, అది పెట్టుకుంటే చెమట పోస్తుందని పక్కన పెట్టాను.

3. పోయిన నెల కంపెనీవాళ్లు ఒక కాగితం తెచ్చి, ఈ పద్ధతి ఇకమీదట తమదేనని సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఈ వీలునామా ఇప్పుడు రాయడానికి కారణం అదే. నేను గానీ జెన్నిఫర్ గానీ చేసి ఇచ్చినంత కాలం వాళ్లు అమ్ముకోవచ్చు. పద్ధతి మీద వాళ్లకు ఎలాంటి హక్కూ లేదు.

4. అద్దం కట్టించిన మొదటి కార్డు కొండల్‌కు ఇవ్వవలెను. అప్పటికి పెళ్లయి ఆరు నెలలే అయింది, ఉద్యోగం పోతే కష్టమని తెలిసీ ఆ రోజు నోరు తెరిచాడు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా అతనికే అప్పగిస్తున్నాను.

5. నా కొత్త ఉన్ని శాలువా పక్కింటి శివమ్మకు. నా చేతులు చలికి పగిలినప్పుడల్లా ఆమె వెన్న తెచ్చి రాసేది. తన అరచేతులూ పగిలే ఉండేవి.

6. సాతంరాయిలోని రెండు గదుల రేకుల ఇల్లు, వెనకున్న ఖాళీ జాగా నా కొడుకు ప్రేమ్ రాజ్‌కు సర్వహక్కులతో చెందవలెను. జెన్నిఫర్ ఇందుకు ఒప్పుకుంది. నేను మందు కలిపే పని చేస్తున్నానని తెలిశాక వాడు ఏడాదిపాటు నా గడప తొక్కలేదు. వాడి నాన్న సారా తాగి తాగి ముప్పై ఎనిమిదేళ్లకే దవాఖానలో కన్ను మూశాడు. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఆ మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. అందుకే వాడి మీద నేను కోపం పెట్టుకోలేదు.

మొన్న క్రిస్మస్ నాడు వాడే వచ్చాడు. ఇంట్లో గిన్నె పొయ్యి మీద ఉంది. గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికి రమ్మని నేను బతిమాలలేదు, గరిటె తిప్పుతూనే ఉన్నాను. కొంతసేపటికి చెప్పులు విడిచి వచ్చి, గిన్నె మీదికి వంగి, కళ్లు మూసుకుని వాసన చూశాడు. “గిది బాపు వాసన కాదమ్మా” అన్నాడు. తర్వాత నా చేతిలోని గరిటె తీసుకుని, నన్ను పీట మీద కూర్చోబెట్టాడు. ఆవిరి లేచేదాకా వాడే తిప్పాడు.

పైన రాసినవన్నీ నేను చదువుకుని, సరిచూసుకుని, సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

సాతంరాయి,
12 జనవరి 2014, ఆదివారం.

(సంతకం) యేసుమణి

సాక్షులు:
1. మల్లేశ్వర్, కొత్తూరు
2. ఐలయ్య, సాతంరాయి