జింజర్‌కి విజిటింగ్ అవర్స్ లేవు

సెప్టెంబర్ 7

డెబ్భై రెండేళ్లకి పాము మీద మోజేమిటి పద్మినీ అని ఆయన అడిగారు. మోజు ఇప్పటిది కాదు. దివిసీమలో గవర్నమెంట్ డాక్టరుగా ఉన్నన్నాళ్లూ, వానలు మొదలైతే చాలు, పురుగు ముట్టిందండీ అంటూ మనిషిని మంచం మీద మోసుకొచ్చేవారు. వెనకాలే ఇంకొకడు గోనెసంచిలో పామును తెచ్చేవాడు, ఏ పామో డాక్టరమ్మ చూసి చెబుతుందని. తల చితికిపోయి, నడుం విరిగిపోయి ఉండేది. పాపం, సగం ఏ విషమూ లేనివే.

అలా ఎన్ని వందలు చూశానో. బతికున్నదాన్ని మాత్రం, గడ్డిలోకి జారిపోయే తోక తప్ప, కుదురుగా ఒక్కసారీ చూడలేదు. నీళ్లెలా తాగుతుందో తెలియదు. కెనడాలో ఈ హాలిఫాక్స్‌కి వచ్చాక ముప్పై ఏళ్లు ప్రాక్టీసుతోనే సరిపోయింది. ఇప్పుడు తీరిక దొరికింది. చూడాలి. అంతే.

సెప్టెంబర్ 8

ఒప్పుకున్నారు. కండిషన్లు పెట్టారు. ఆ గది తలుపు ఎప్పుడూ మూసి ఉండాలి. తనని లోపలికి పిలవకూడదు. దాని తిండికి కొనే చచ్చిన ఎలకలు మా ఫ్రీజర్‌లో గోంగూర పక్కన ఉండకూడదు, వాటికి వేరే ఫ్రీజర్ కొనాలి. ఈయనకి వీర్రాజు అని పేరు పెట్టిన మా మామగారు ఇదంతా చూడకుండా పోవడమే మంచిదైంది.

సెప్టెంబర్ 12

డార్ట్‌మత్‌లో హార్బర్ అవతలి ఒడ్డున పాముల్నీ తాబేళ్లనీ చేరదీసే రెస్క్యూ ఒకటుంది. అక్కడికి వెళ్లాను. కార్న్ స్నేక్ కావాలన్నాను. విషం లేదు, నెమ్మదైనది, మొదటిసారి పెంచేవాళ్లకి మంచిదని చదివాను. అక్కడి ఆవిడ పెన్సిలంత పిల్లల్ని చూపించింది. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుంటే నీళ్లు పారుతున్నట్టు వేళ్ల మధ్య నుంచి జారిపోయింది. అక్కడే ఉండిపోవాలనిపించింది.

ఇవి ఇరవై ఏళ్లు బతుకుతాయి, మీ తర్వాత ఎవరు చూసుకుంటారు అని ఆవిడ మెల్లగా అడిగింది. నాకేం కోపం రాలేదు. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. మా విద్యకి ఫోన్ చేశాను. నో వే అమ్మా అని పెట్టేసింది.

అయితే ముసలిది ఉందా అని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అందరూ పిల్లల్నే అడుగుతారట. వెనక గదిలోకి తీసుకెళ్లింది. పద్నాలుగేళ్ల ఆడపాము, నారింజ రంగు, పేరు జింజర్. పెంచినవాళ్లు ఊరు మారుతూ వదిలేశారు. ఇదే కావాలన్నాను.

సెప్టెంబర్ 19

ఇల్లు తయారవుతోంది. నాలుగడుగుల గాజు తొట్టి, క్లిప్పులతో బిగుసుకునే మూత. కింద చెక్కపొట్టు, పడుకునేంత వెడల్పున్న నీళ్ల గిన్నె. దాక్కోవడానికి రెండు గూళ్లు, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. పాముకి ఒంట్లో వేడి పుట్టదు కదా, ఎంత కావాలో అదే అటూ ఇటూ తిరిగి తెచ్చుకుంటుంది. ఫిజియాలజీ పరీక్షకి బట్టీపట్టిన ఈ ముక్క నా ఇంట్లో జరగబోతోందంటే చిన్నపిల్లలా ఉంది నాకు.

హీటర్‌కి థర్మోస్టాట్ కుదరలేదు. ఆయన రిటైర్డ్ ఎలక్ట్రికల్ ఇంజినీరు. అది దేనికో అడక్కుండా డైనింగ్ టేబుల్ మీద విప్పి సరిచేసి, తలుపు బయట పెట్టి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 22

వచ్చింది!

తెచ్చిన డబ్బాని తొట్టిలో దించి మూత తీశాను. చాలాసేపు కదల్లేదు. తర్వాత నాలుక బయటికొచ్చింది. గదినంతా రుచి చూసింది, నన్నూ చూసింది. తర్వాత నడిచింది. ఎక్కడ మొదలైందో తెలియలేదు. తల ఆగిపోయినా తోక ఇంకా వస్తూనే ఉంది. పొట్ట కింద పొలుసులు ఒకదాని తర్వాత ఒకటి నేలని పట్టుకుని వదులుతున్నాయి. ఇన్నాళ్లూ నా టేబుల్ మీదికొచ్చినవి ఇలా నడిచేవన్నమాట. కళ్లు చెమర్చాయి. చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి తుడుచుకోలేదు.

వెచ్చటి గూట్లోకి దూరి పడుకుంది. వారం రోజులు దాని జోలికి వెళ్లొద్దని రెస్క్యూ ఆవిడ గట్టిగా చెప్పింది. కిందటిసారి చోటు మారినప్పుడు తిండి మానేసి చావుదాకా వెళ్లిందట. మూడుసార్లు పెట్టినా తినకపోతే వెనక్కి తెచ్చేయమంది.

సెప్టెంబర్ 23, ఉదయం ఆరు

గూడు కొంచెం ఎత్తి చూశాను. ఒక్కసారే.

సెప్టెంబర్ 28

సంతోషకుమారి గారు ఆపిల్స్ పట్టుకుని చూడ్డానికొచ్చారు. నాతో పనిచేసిన నర్సు. సండే స్కూల్ నుంచీ పాము అంటే సాతానేనని అనుకున్నారట. తీరా చూస్తే నైట్ డ్యూటీ దిగిన నర్సులా ఉందేంటండీ డాక్టర్ గారూ అన్నారు. రేపు చర్చిలో చెబుతానన్నారు. చెప్పండి, దాందేముంది అన్నాను.

అక్టోబర్ 1

నిన్న ఎలకని వేడినీళ్లలో వెచ్చబెట్టి, పొడుగాటి పటకారుతో అందించాను. ముట్టలేదు. పది నిమిషాలకోసారి వెళ్లి చూశాను. తెల్లారేసరికి అలాగే ఉంది.

అక్టోబర్ 6

రోజూ ఎవరో ఒకరు. చర్చివాళ్లు, తెలుగు అసోసియేషన్ వాళ్లు. బాలింతని చూడ్డానికొచ్చినట్టు పళ్లు తెస్తున్నారు. పాలు పోస్తారా ఆంటీ అని అడుగుతున్నారు. పిల్లలు గాజు మీద వేళ్లతో టకటకలాడిస్తున్నారు. అసోసియేషన్ రామ్మోహన్ గారు ఫోన్ టార్చ్ వేసి మరీ గూట్లోకి చూశారు. నేను పకోడీలు వేస్తున్నాను. గర్వంగా ఉందని ఒప్పుకోవాలి.

అక్టోబర్ 10

రెండోసారి. తినలేదు. కిచెన్ స్కేల్ మీద పెట్టాను. బాగా తగ్గింది. వెన్నెముక చేతికి తగులుతోంది.

రెస్క్యూకి ఫోన్ చేశాను. హీట్ ఎంత, హ్యుమిడిటీ ఎంత అని ఆవిడ అడిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ గదిలోకి రోజుకి ఎంతమంది వస్తారు అని అడిగింది. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. దానికి జబ్బేమీ లేదు, దాక్కోవడానికి చోటు లేదంతే అంది. వార్డులో పేషెంట్ చుట్టూ మూగిన చుట్టాలని కేకలేసి బయటికి తోలిన డాక్టరమ్మని నేనేనా?

ఇంకొక్కసారే ఉంది. అదీ తినకపోతే మళ్లీ చోటు మారాలి. ఈ ఒంటితో ఇంకో మార్పుని అది తట్టుకోలేదు.

అక్టోబర్ 12

వానలో బెడ్‌ఫర్డ్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వచ్చినవాళ్లని వెనక్కి వెళ్లమని ఎలా చెప్పడం? నాకు నోరు రాలేదు. ఆయనకొచ్చింది. హాల్లో ఆ గది ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పేషెంట్ రెస్ట్‌లో ఉందండీ, ఇంకో నెల తర్వాత రండి అని అందరికీ ఒకటే మాట. రామ్మోహన్ గారికి కోపమొచ్చి కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. నాకు ప్రాణం చచ్చిపోయింది. ఈయనకి చీమ కుట్టినట్టయినా లేదు.

నన్నూ వెళ్లనివ్వడం లేదు. గాజుకి పాత నేతచీర కప్పాను. పొద్దున నీళ్లు మార్చి, తల వంచుకుని బయటికి రావాలి.

అక్టోబర్ 15

ఇవాళ చూడలేదు.

అక్టోబర్ 17

ఇవాళా చూడలేదు. చూడ్డానికే తెచ్చుకున్నాను కదా అని ఏడుపొస్తోంది.

అక్టోబర్ 20, మధ్యాహ్నం, ఫెర్రీలో

పదింటికి ఎలక పెట్టి, చీర కప్పేసి వచ్చాను. వంటింట్లో కూర్చుంటానన్నాను. నలభై ఆరేళ్ల నుంచి నిన్ను చూస్తున్నాను, ఇంట్లో ఉంటే తొంగిచూడకుండా ఉండలేవు, ఫెర్రీ ఎక్కి తిరిగి రా అని ఆయన పంపేశారు. డార్ట్‌మత్ వెళ్లి వచ్చాను. దిగకుండా మళ్లీ వెళుతున్నాను. బయట పొగమంచు, అవతలి ఒడ్డు కనబడటం లేదు. తినకపోతే రేపు ఇదే నీళ్లు దాటించి దాన్ని వదిలిపెట్టి రావాలి. దేవుడా, తిననీ. నేను చూడకపోయినా ఫర్వాలేదు.

అక్టోబర్ 20, సాయంత్రం

తినేసింది.

నేను చూడలేదు. ఆయన చూశారు. లోపల చప్పుడు లేకపోయేసరికి దానికేమైనా అయిందేమోనని భయమేసి, తలుపు తీసి, చీర కొంచెం తప్పించారట. నేను వచ్చేసరికి ఆ గదిలో నేల మీద కూర్చుని ఉన్నారు.

ఎలకని తల ముందు మింగిందా, కాళ్లు ముందా అని అడిగాను. తల ముందట.

మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాను.