జోజప్ప గారి చెయ్యి

పటాల ముద్రణశాల మేనేజరు గారికి నమస్కారాలు.

మీ కేటలాగులో ఉన్న తిరుకుటుంబం పటం మాకు కావాలి. అదే, మధ్యలో మరియమాత, ఒడిలో బాలయేసు, కుడివైపు అంచున ఉలి పట్టుకుని పని చేసుకుంటున్న, ఆ బిడ్డని పెంచిన తండ్రి జోజప్ప గారు. మా ఇంట్లో ఉన్నది చెమ్మకి పాడైపోయింది. ఫ్రేము మాత్రం నాన్న చేతిపని, ఇంకా రాయిలా ఉంది. నాన్న వడ్రంగి. ఇప్పుడు మంచం పట్టారు. ఇక లేవరని డాక్టరు నాతో చెప్పేశాడు. జోజప్ప గారు వడ్రంగులకి పెద్దదిక్కు. చివరి ఘడియలో వచ్చి వెంట తీసుకెళ్ళేదీ ఆయనేనని నాన్న నమ్మకం. కళ్ళు మూసేలోగా ఆయన మొహం ఎదురుగా ఉండాలంటున్నారు. వేరే కోరికేమీ లేదు.

ఫ్రేము లోపలి కొలత ఇరవై నాలుగు, ముప్పై ఆరు అంగుళాలు. బట్టలు కుట్టి బతికేదాన్ని, నా టేపు అబద్ధం చెప్పదు.

ఇట్లు,
వడ్రంగి గారి పెద్దమ్మాయి

తా.క.: కాస్త త్వరగా పంపండి. నాన్న ఓపిక గల మనిషే గానీ, ఆయన ఒంట్లో ఓపిక లేదు.

•

గౌరవనీయులైన అమ్మగారికి,

మీ ఆర్డరు అందింది. మీరిచ్చిన కొలతకి వెంట్రుకవాసి తేడా రాకుండా అచ్చు వేయించి పంపుతున్నాం. వందేళ్ళయినా రంగు వెలవదు. నాన్నగారు ఆ వందేళ్ళూ దాన్ని చూసుకోవాలని మా ఆకాంక్ష.

సదా మీ సేవలో,
మేనేజరు

తా.క.: కొలతకి పటం సరిపోనప్పుడు అంచులు కాస్త కత్తిరిస్తాం. అంచుల్లో ముఖ్యమైనదేదీ ఉండదు, కంగారు పడకండి.

•

మేనేజరు గారికి,

అంచుల్లో ముఖ్యమైనదేదీ ఉండదా? జోజప్ప గారు ఉన్నదే అక్కడండీ! అడ్డంగా ఉండాల్సిన పటాన్ని నిలువుగా అచ్చేశారు. ఫ్రేముని తిప్పి నిలబెట్టి ఎలాగో బిగించాను. మరియమాత ఉంది, బాలయేసు ఉన్నాడు. అంచున మణికట్టు దాకా ఒక చెయ్యి, అందులో ఉలి, అంతే. నాన్న చాలాసేపు చూసి, "మనిషి ఏడే?" అన్నారు. ఆ చెయ్యి సంగతేమిటో వెంటనే చూడండి.

దిగులుతో,
వడ్రంగి గారి పెద్దమ్మాయి

తా.క.: ఉలి అలా పట్టుకుంటే వేలు తెగుతుందట. కలిసినప్పుడు చెబుతానంటున్నారు నాన్న.

•

అమ్మగారికి వెయ్యి క్షమాపణలతో,

మీ ఉత్తరం చదివి సిగ్గుపడ్డాం. పవిత్రమైన పటంలో ఎవరిదో చెయ్యి అడ్డం రావడం ముమ్మాటికీ మా పొరపాటే. మా కంప్యూటరు అతను భోజనం కూడా మానేసి, ఆ చేతిని ఆనవాలు లేకుండా చెరిపేశాడు. దాని చోట చక్కటి గోడ పెట్టాడు. కొత్త పటం పంపుతున్నాం. పాత పటాన్ని, కొత్తది తెచ్చినవాడికే ఇచ్చెయ్యండి. అది మా పద్ధతి.

తలదించుకుని,
మేనేజరు

తా.క.: ఉలి కూడా తీసేశాం. ఇంట్లో పిల్లలుంటే ప్రమాదం.

•

అయ్యా,

ఏమని రాయను? ఆ చెయ్యి జోజప్ప గారిదే! మిగిలిన ఒక్క చెయ్యీ చెరిపేశారు. నేను కుట్టుమిషను దగ్గర ఉండగా మా చెల్లి పాతది ఇచ్చేసి, కొత్తది నాన్న ఎదురుగా తగిలించేసింది కూడా. ఆయన ఆ గోడ వంకే చూస్తూ పడుకున్నారు. పాలు కూడా ముట్టడం లేదు. ఫాదర్ గారు వచ్చి నూనె రాసి, చివరి ప్రార్థన చేసి వెళ్ళారు. చావుబతుకుల్లో ఉన్న మనిషండీ. ఆయనకి కావాల్సింది జోజప్ప గారు. తల నుంచి కాళ్ళ దాకా, మొత్తం మనిషి.

చేతులు జోడించి,
వడ్రంగి గారి పెద్దమ్మాయి

తా.క.: గోడకి సున్నం సరిగ్గా పట్టలేదట.

•

అమ్మగారూ,

మీ బాధ ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. తల నుంచి కాళ్ళ దాకా జోజప్ప గారు ఉన్న పటం వెతికి, పెద్ద సైజులో వేయించి, మా తరఫున కానుకగా పంపుతున్నాం. నాన్నగారి పరిస్థితికి అచ్చంగా సరిపోతుంది.

మీ కుటుంబ శ్రేయోభిలాషి,
మేనేజరు

తా.క.: పటం పేరు 'జోజప్ప గారి మరణం'.

•

మేనేజరు గారూ,

మీకు తల్లీతండ్రీ లేరా? కాగితం విప్పేసరికి, మంచం మీద ఆఖరి శ్వాస తీస్తున్న ముసలి వడ్రంగి, చుట్టూ కన్నీళ్ళు పెట్టుకుంటున్న జనం. మా చెల్లి ఘొల్లుమంది. దాని ఏడుపు విని వీధి వీధంతా వచ్చి నాన్న మంచం చుట్టూ నిలబడింది, అచ్చం పటంలోలాగే. నాన్న కళ్ళు తెరిచి, "ఎవరు పోయారు?" అని అడిగారు.

ఆఖరుసారి చెబుతున్నాను. పైనుంచి కిందికి ఇరవై నాలుగు, అడ్డంగా ముప్పై ఆరు. ఎవరైనా ముందు పొడవే కదా చెబుతారు, తర్వాతే కదా చుట్టుకొలత! నా వల్ల ఇక కావడం లేదండీ. రాస్తుంటే అక్షరాలు కనబడటం లేదు.

వడ్రంగి గారి పెద్దమ్మాయి

తా.క.: ఆ మంచం కోళ్ళు వదులుగా ఉన్నాయట. మనిషి దక్కకపోవడానికి కారణం అదేనంటున్నారు నాన్న.

•

అమ్మా,

తల పట్టుకుని కూర్చున్నాను. మీ కుట్టుపనిలో నిలువు ముందు. మా పనిలో అడ్డం ముందు. మీరు ఒకటి చెప్పారు, మేం ఇంకోటి వేశాం. ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు. ఈసారి నేనే దగ్గరుండి అచ్చు వేయించాను. కత్తెర దాని దరిదాపులకి రానివ్వలేదు. జోజప్ప గారు మొత్తం ఉన్నారు. పటం చేరేదాకా నాన్నగారిని ఎలాగైనా ఆపండి.

మీ
మేనేజరు

తా.క.: నాకు తండ్రి లేరు. అడిగారు గనక చెప్పాను.

•

మేనేజరు గారికి,

నాన్న పోయారు. సమాధి చేసి ఇంటికొచ్చేసరికి మీ పార్సిలు గుమ్మంలో ఉంది. దాన్ని చూసి నేను ఏడ్చిన ఏడుపు పగవాళ్ళకి కూడా వద్దు.

మిమ్మల్ని తిట్టిపోద్దామనే కలం పట్టుకున్నాను. కానీ నాన్న అన్న మాట ఒకటి మీకు చేరాలి. పోయేముందు పటంలో మీరు పెట్టిన గోడ వంకే చూస్తూ నన్ను పిలిచారు. మొహంలో నవ్వు. "మొన్నటిదాకా చెయ్యి ఒక్కటి లోపల ఉండిపోయింది. ఇప్పుడు అదీ లేదు. పూర్తిగా బయటికొచ్చేశాడే అమ్మాయ్. నా కోసమే బయల్దేరాడు. తలుపు తీసి ఉంచు" అన్నారు. తీసి ఉంచాను.

పార్సిలు ఇప్పుడే విప్పాను. జోజప్ప గారు ఉన్నారు, తల నుంచి కాళ్ళ దాకా. నాన్నని దిగబెట్టి, తిరిగొచ్చి పనిలో కూర్చున్నారు. ఫ్రేము మళ్ళీ అడ్డంగా తిప్పి బిగించాను. సరిగ్గా సరిపోయింది.

ఇట్లు,
వడ్రంగి గారి పెద్దమ్మాయి

తా.క.: ఉలి మాత్రం ఇంకా అలాగే పట్టుకున్నారు. నాన్న చెప్పే ఉంటారు. ఈయనే విని ఉండరు.