పేటెంటులో లేని పేరు

పుదుచ్చేరి,
14-7-2008

చెన్నై పేటెంటు కార్యాలయపు కంట్రోలరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: బంగారు నానో కణాల తయారీ పద్ధతి, మూత్రపరీక్ష పట్టీల పేటెంటు దరఖాస్తులో ఆవిష్కర్తగా నా పేరు చేర్చుట గురించి.

నటేశన్ నగర్ కాపురస్తురాలు, ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో పదమూడేళ్లుగా ల్యాబ్ అటెండరుగా పనిచేయుచున్న పి. సుగంధి మనవి చేసుకొనునది. గత నెల తమ కార్యాలయానికి వచ్చినప్పుడు, తెలుగులో రాస్తే చదువుతామని తమరు అన్నారు. అందుకే మా ఇంటి భాషలో రాస్తున్నాను.

1. మా ల్యాబులో బంగారు లవణపు ద్రావణాన్ని సిట్రేటు లవణం కలిపిన మరిగే నీటిలో పోసి నానో కణాలు తయారు చేయుదురు. సరిగ్గా వస్తే దానిమ్మ రంగు. కణాలు ముద్దకడితే ఊదా. ఏడాదిన్నర ఊదాయే వచ్చినది. 2005లో మా అమ్మ (పేరు అమ్మాయమ్మ) కిడ్నీ జబ్బుతో గోరిమేడు ఆసుపత్రిలో ఉండగా, నర్సు చిన్న చక్రం తిప్పి సెలైన్ చుక్కల వేగం తగ్గించడం చూశాను. మర్నాడే కొత్త డ్రిప్పు గొట్టం కొని ల్యాబులో తగిలించాను. బంగారు ద్రావణం చుక్కచుక్కగా వదిలితే దానిమ్మ రంగు వచ్చింది. నెల గడిచినా మారలేదు. డైరెక్టరు డాక్టరు పట్టాభిరామన్ గారు సీసాను వెలుతురుకు పట్టి చూసి, ఎవరు చేశారని అడిగారు. నేనే అన్నాను. ఆ పూట అందరికీ కాఫీ తెప్పించారు.

2. ఆ కణాలను కాగితపు పట్టీకి పట్టించి, మూత్రంలో ప్రోటీను పోతున్నదీ లేనిదీ ఇంట్లోనే తెలుసుకొను విధానం తయారైనది. తొలి పరీక్ష మా అమ్మకే. పదకొండు నెలలు ప్రతి ఉదయం పట్టీ ముంచి, రంగు చూసి నోటుబుక్కులో రాశాను. రంగు తేడాగా వచ్చిన వారమే డాక్టరుకు చూపించి మందు మార్పించాము. ఆమెకు నేటికీ డయాలసిస్ అవసరం పడలేదు. దరఖాస్తులోని నాలుగో పటం ఆ నోటుబుక్కు నుండి తీసినదే. కింద 'రోగి-అ' అని ఉన్నది.

3. సదరు దరఖాస్తులో ఆవిష్కర్తలు ఇద్దరే: డైరెక్టరు గారు, పరిశోధక విద్యార్థిని సుధ. అడిగితే డైరెక్టరు గారు, "ఏందమ్మా సుగంధి, పదో తరగతి చదివినోళ్ల పేరు పేటెంటులో యాడన్నా చూసినావా? వార్షికోత్సవంలో శాలువా కప్పిస్తాలే" అన్నారు. ఇంటికి వచ్చి చెబితే మా అమ్మ, "నా ఉచ్చ పనికొచ్చింది, నీ పేరు పనికిరాలేదంటనా?" అంది. ఈ మాట అర్జీలో రాయదగినది కాదని తెలుసు. ఇంతకన్నా సరైన మాట నాకు దొరకలేదు.

4. నాకు ఏ హక్కూ లేదని ఉన్న కాగితంపై సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. నన్ను సీసాలు కడుగు పనికి మార్చారు. కడుగుతున్నాను. సంతకం మాత్రం పెట్టను.

కావున పేటెంటు చట్టం 28వ సెక్షను ప్రకారం నా పేరు చేర్చవలెను. దయతలచి అని రాయడం లేదు, చట్టప్రకారం అంటున్నాను. విచారణకు పిలవండి. తమ ఎదుటనే చేసి చూపిస్తాను. వారినీ చేయమనండి.

తమరు దీనిని తప్పక చిత్తగించి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వవలెను.

'తమ విధేయురాలు' అని రాయాలట. పదమూడేళ్లు విధేయంగానే ఉన్నాను. ఇక్కడ పేరు మాత్రమే రాస్తున్నాను.

పి. సుగంధి

తా.క.: కవరు అంటించబోతుంటే సుధ వచ్చింది. తన థీసిస్‌పై ఇంకా డైరెక్టరు గారి సంతకం కావలసి ఉన్నది. ఆలోచించుకోమన్నాను. "ఆలోచించే వచ్చినానక్కా. గొట్టం తగిలించింది నువ్వేనని రాసిస్తా" అంది. ఆ కాగితం జతపరచాను. కింద సంతకం వంకరగా ఉన్నది, ఫోర్జరీ అనుకోకండి. పిల్ల కళ్లు వాకిలి వైపే ఉన్నవి. అయినా పెట్టింది.